బ్యాటరీకి తగ్గ చార్జరేనా?

మా అంకాపూర్‌లో పసుపు ఉడకబెట్టే రోజుల్లో పొద్దుపోయేదాకా లైట్లుండాలి. అందుకని ఇన్వర్టరుకు ఒక బ్యాటరీ తీసేసి 150 ఏహెచ్‌వి రెండు కొన్నాం. చార్జరు మాత్రం పాతదే, 10 ఆంపియర్లది. నిండాలంటే 30 గంటలు పైనే పట్టేది, ఆలోపే మళ్లీ వాడేసేవాళ్లం. రెండేళ్లు తిరక్కుండానే రెండూ పోయాయి! ఎప్పుడూ సగం కడుపుతో ఉంటే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుందట.

లెక్క తేలికేనండీ. ఏహెచ్‌లో పదోవంతు ఆంపియర్లుండాలి. ప్లస్‌కు ప్లస్ కలిపితే రెండూ 300, అంటే 30 ఆంపియర్లు. ప్లస్‌కు మైనస్ కలిపితే 15 చాలు, కానీ 24 వోల్టుల చార్జరు కావాలి. నీళ్లు పోసే ట్యూబులర్‌కు, జెల్ బ్యాటరీకి చార్జింగు వోల్టేజీ వేరు, అడిగి కొనండి. నిండాక తనంతట తానే తగ్గించుకునేదైతే నీళ్లు ఊరికే తగ్గిపోవు.

అన్నట్టు, చార్జింగప్పుడు మండే వాయువు వస్తుంది. కొత్తవి వంటింట్లో పెడదామన్నారు మావారు. నేనొప్పుకోలేదు, వరండాలో పెట్టించాను.