డ్రిప్పర్లన్నీ సమానంగా నీరిస్తున్నాయా? సంతకం పెట్టే ముందు కొలవండి

డ్రిప్ వేసిన పొలంలో నీరు, ఎరువు రెండూ డ్రిప్పర్ ద్వారానే మొక్కకు అందుతాయి. డ్రిప్పర్ తక్కువ ఇస్తే ఆ మొక్కకు నీటితో పాటు యూరియా కూడా తగ్గుతుంది. అందుకే పరికరాలు బిగించాక, పని పూర్తయిందని సంతకం పెట్టే ముందు ఒక గంట కేటాయించి ఈ పరీక్ష చేసుకోండి.

ఎంత తేడా సహజం?

ఒకే అచ్చులో తయారైనా ఏ రెండు డ్రిప్పర్లూ అచ్చం ఒకేలా ఉండవు. ఒక్క డ్రిప్పర్ తక్కువ ఇచ్చిందని సరుకంతా చెడ్డదనుకోకూడదు. కొన్నింటిని నమూనాగా తీసి, ఒకే పీడనం వద్ద నీటిని కొలిచి, సగటు నుంచి ఎంత తేడా ఉందో లెక్కిస్తారు. దీన్ని 'తయారీ వ్యత్యాస గుణకం' అంటారు. ఇది 5 శాతం లోపు ఉంటే మంచిది. 10 శాతం దాటితే తీసుకోవద్దు.

ఉదాహరణకు గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ చూద్దాం. గుణకం 5 శాతమైతే 100లో సుమారు 95 డ్రిప్పర్లు 3.6 నుంచి 4.4 లీటర్ల మధ్య ఇస్తాయి. 10 శాతమైతే 3.2 నుంచి 4.8 లీటర్లు. అంటే ఒక మొక్కకు రెండు చెంబులు అందేచోట పక్క మొక్కకు మూడు చెంబులు అందవచ్చు.

కొలిచే పద్ధతి

1. ఫిల్టర్ శుభ్రం చేసి, లేటరల్ పైపుల చివరలు తెరిచి మట్టి పోనిచ్చి మూయండి.
2. మొదటి, చివరి లేటరళ్లు, మధ్యలో రెండు ఎంచుకోండి. ఒక్కోదానిపై మొదట, చివర, మధ్యలో రెండుచోట్ల కొలవండి. మొత్తం 16 డ్రిప్పర్లు.
3. ఒక్కో డ్రిప్పర్ కింద సరిగ్గా 3 నిమిషాలు గ్లాసు పెట్టి, నీటిని కొలగ్లాసుతో కొలిచి రాసుకోండి. 4 లీటర్ల డ్రిప్పర్‌కు 200 మి.లీ. రావాలి.
4. అన్నిటికన్నా తక్కువ వచ్చిన నాలుగింటి సగటును మొత్తం 16 సగటుతో భాగించి, 100తో గుణించండి.

నాలుగింటి సగటు 184, మొత్తం సగటు 200 అయితే 92 శాతం. 90 దాటితే చాలా బాగుంది. 80–90 ఫరవాలేదు. 70 లోపైతే సరిచేయాల్సిందే.

లోపం ఎక్కడుంది?

* అన్నీ తక్కువైతే: మోటారు పీడనం చాలడం లేదు.
* చివరి డ్రిప్పర్లే తక్కువైతే: లేటరల్ పొడవు ఎక్కువ, లేదా నేల ఎత్తుగా ఉంది.
* కొత్త పైపుల్లోనే అక్కడక్కడా తగ్గితే: వాటిని విప్పి కడిగి మళ్లీ కొలవండి. అప్పటికీ తగ్గితే తయారీ లోపమే. మార్చమని అడగండి.

కొలతల కాగితం తేదీ వేసి దాచుకోండి. ప్రతి పంటకు ముందు మళ్లీ కొలిచి పోల్చితే, డ్రిప్పర్లు పూడుకుపోతున్న సంగతి మొక్క వాడకముందే తెలుస్తుంది.