ప్రశ్న పూర్తిగా వినువరకు



సండేస్కూలు పిల్లలకు క్విజ్ పోటీ పెట్టిన పెద్దలందరికీ ఒక సంగతి అనుభవమే. "ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచిన రాత్రి..." అని మనము మొదలుపెట్టగానే అయిదారు చేతులు పైకి లేస్తాయి. "మోషే!" అని ఒక కేక. మనము అడగబోయినది మోషేను గూర్చి కాదు, ఆ రాత్రి వారు తిన్న రొట్టెను గూర్చి. తొందరపడిన బిడ్డకు మార్కు పోయింది. వెనుక వరుసలో కూర్చున్నవారికి అసలు ప్రశ్నే వినబడలేదు. అమెరికాలో లక్షలాది ఇండ్లలో చూసే ఒక టీవీ ఆటకు కూడా సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. దానిని వారు ఎట్లు సరిచేసుకొన్నారో ఈ నెల చెప్పుకొందాము.

ఆ ఆట పేరు జెపర్డీ. అపాయము, గండము అని ఆ మాటకు అర్థం. మన ప్రాంతంలో బాగా ఎరిగినది కౌన్ బనేగా కరోడ్‌పతి. అది 2000లో వచ్చింది. తెలుగులో ఆ పద్ధతిలోనే మీలో ఎవరు కోటీశ్వరుడు 2014లో మొదలైంది. వాటిలో ఒక్కరే కుర్చీలో కూర్చుండి నిదానంగా ఆలోచించుకొంటారు. జెపర్డీలో అట్లు కాదు. ముగ్గురు ఎదురెదురు పోటీదారులు, చేతిలో మీట, ఎవరు ముందు నొక్కితే వారికే అవకాశం. తప్పు చెప్పిన యెడల ఆ ప్రశ్న విలువంత సొమ్ము వారి లెక్కలోనుండి తీసివేస్తారు. ఇంకొక వింత ఏమనగా, అక్కడ జవాబే ముందు చూపిస్తారు, ప్రశ్న పోటీదారుడు చెప్పాలి. "ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించిన ఇంజనీరు" అని పలక మీద కనబడితే, "కాటన్ దొర ఎవరు?" అని పలకాలన్నమాట.

ఈ తలక్రిందుల పద్ధతి ఊరికే పుట్టలేదు, ఒక మోసము వెనుక పుట్టింది. 1950వ దశకంలో అమెరికా టీవీలో క్విజ్ ఆటలకు ఎంతో గిరాకీ ఉండేది. వాటిలో ట్వెంటీ వన్ అనే ఆటలో నెగ్గి దేశమంతటా పేరు పొందిన చార్లెస్ వాన్ డోరెన్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే మనిషి. తనకు జవాబులు ముందుగానే అందించారని 1959లో ఆయనే కాంగ్రెసు సభ్యుల యెదుట ఒప్పుకొన్నాడు. పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని "చూడండి, చదువంటే ఇది" అని చూపించిన తలిదండ్రులు ఎంత నొచ్చుకొని ఉంటారో ఊహించుకోవచ్చు. ఇటువంటి ఆటలను దొంగతనంగా నడపడం నేరమని 1960లో చట్టం వచ్చింది. క్విజ్ అంటేనే జనం ముఖం త్రిప్పుకొన్న రోజులవి.

మెర్వ్ గ్రిఫిన్ అనే ఆయన క్రొత్త ఆట ఒకటి కల్పించాలని తలపోస్తున్నాడు. విమానంలో ప్రయాణిస్తూ భార్య జూలాన్‌తో మాట్లాడుతుంటే, జవాబులు ముందే ఇచ్చివేసే ఆట పెట్టరాదా అని ఆమె అన్నది. జవాబులు ఇచ్చినందుకే గదా అందరూ చిక్కుల్లో పడ్డారు! ఆమె మాత్రం "5,280" అన్నది. "మైలుకు ఎన్ని అడుగులు?" అని ఆయన బదులు పలికాడు. ఆట అక్కడే పుట్టింది. 1964 మార్చి 30న ఎన్.బి.సి.లో మొదలైంది. అప్పటి నిర్వాహకుడు ఆర్ట్ ఫ్లెమింగ్. మొదటి వరుస ప్రశ్నల విలువ 10 డాలర్ల నుండి 50 డాలర్లే. (ఆఖరు ప్రశ్నకు 30 సెకండ్లు మ్రోగే సంగీతం గ్రిఫిన్ తన కుమారుని నిద్రపుచ్చుటకు కట్టిన జోలపాట. ముగ్గురికీ గుండెలు దడదడలాడే ఘడియలో జోలపాట వినిపించడం మాకు తమాషాగా తోస్తుంది.)

1975లో ఆ ఆట ఆగిపోయింది. మధ్యలో కొద్దికాలం మళ్లీ వచ్చి, 1984 సెప్టెంబరులో అలెక్స్ ట్రెబెక్ నిర్వహణలో నిలదొక్కుకొన్నది. మేము చెప్పదలచిన మార్పులు అప్పటినుండివే.

మొదటిది డబ్బు సంగతి. పాత ఆటలో ముగ్గురూ ఎవరు గెలిచినంత వారు ఇంటికి పట్టుకొనిపోయేవారు. వినుటకు ఇదే న్యాయంగా ఉన్నది. అయితే జరిగినదేమిటి? తనకు కావలసినంత చేతికి రాగానే కొందరు మీట ముట్టుకొనుట మానివేసేవారు. ఉన్నది పోతుందేమోనని ఆఖరు ప్రశ్నకు పందెం కాయకుండా ఊరకుండేవారు. ముగ్గురి ఆట ఇద్దరి ఆట, ఒక్కోసారి ఒక్కరి ఆట అయిపోయేది. గనుక 1984 నుండి గెలిచినవారికే పూర్తి సొమ్ము, మిగిలినవారికి బహుమానాలు అని నిర్ణయించారు. కఠినమైన నియమమే గాని ఆఖరి ప్రశ్న వరకు ముగ్గురూ ఆడుతున్నారు.

రెండవది 1985లో వచ్చింది. మా దృష్టికి అన్నిటిలో పెద్దది ఇదే. అంతకుముందు ప్రశ్న పలక మీద కనబడగానే ఎవరైనా మీట నొక్కవచ్చు. ట్రెబెక్ సగం చదువుతుండగానే టింగుమని మ్రోగేది. నొక్కినవారు తెలిసి నొక్కినవారా? కాదు, ముందు నొక్కి తరువాత ఆలోచించేవారు. ఏమీ తోచక నష్టపోయేవారు. ఇంటిలో కూర్చుండి తామూ జవాబు చెప్పాలని చూస్తున్న అమ్మమ్మకు, బడి పిల్లకు ప్రశ్న చదువుకొనే వ్యవధే ఉండేది కాదు. గనుక నిర్వాహకుడు ఆఖరు మాట చదివేవరకు మీట పని చేయకూడదని నియమం పెట్టారు. చదవడం ముగియగానే తెర వెలుపల ఉన్న ఒకరు మీటలకు అనుమతి ఇస్తారు. పలక ప్రక్కన దీపాలు వెలుగుతాయి. అవి పోటీదారులకే కనబడతాయి. తొందరపడి ముందే నొక్కినవారి మీట పావు సెకండు మూసుకొనిపోతుంది. పావు సెకండంటే ఎంత అనుకోకండి, ప్రక్కవాడు నొక్కుటకు అది చాలును.

చూడండి, పోటీదారులు ముగ్గురే. నియమం మారినది వారికోసము మాత్రమే కాదు, చూచేవారి కోసము కూడా. తాత, మనుమడు కలిసి కూర్చుండి పోటీపడే ఆటగా అది నిలిచినది ఈ చిన్న మార్పు వలననే అని మా అభిప్రాయం. 2001 నవంబరులో ప్రశ్నల విలువలన్నీ రెట్టింపు చేశారు. దానికి పత్రికలు ఎక్కువ చోటిచ్చి ఉండవచ్చు గాని, సున్నాలు పెరిగినంత మాత్రాన ఆట రుచి పెరగదు.

2003లో ఇంకొక గోడ తీసివేశారు. అంతవరకు వరుసగా అయిదు ఆటలు నెగ్గినవారిని ఓటమి లేకుండానే ఇంటికి పంపించేవారు. ఆ హద్దు పోయిన మరుసటి సంవత్సరమే యూటా రాష్ట్రపు కంప్యూటర్ ఇంజనీరు కెన్ జెన్నింగ్స్ వరుసగా 74 ఆటలు గెలిచి 25,20,700 డాలర్లు సంపాదించాడు. ఆదాయపు పన్ను లెక్కలు కట్టే ఒక కంపెనీ పేరు తట్టక, 2004 నవంబరు 30న ప్రసారమైన ఆటలో ఓడిపోయాడు. ట్రెబెక్ 2020 నవంబరు 8న మరణించిన తరువాత, కొంతకాలానికి నిర్వాహకుని స్థానంలోనికి వచ్చినది ఈ జెన్నింగ్సే.

ఒక మనిషి 74 మార్లు గెలిచెనంటే అతని ప్రక్కన 148 మంది ఓడిపోయారు. వారి సంగతి ఎవరూ అడగరు. కాలిఫోర్నియాలో జరిగే ఆ రికార్డింగుకు పోటీదారులు సాధారణంగా తమ ఖర్చులతోనే రావాలి, బస కూడా తామే చూచుకోవాలి. రోజుకు అయిదు ఆటలు తీస్తారు గనుక గెలిస్తే కావలసివస్తాయని మార్చుకొనే బట్టలు కూడా తెచ్చుకొంటారు. ఆశతో తెచ్చిన ఆ బట్టలు మడత విప్పకుండానే తిరిగి వెళ్లేవారే ఎక్కువ. వెనుక వీరికి వస్తువులు, విహారయాత్రలు ఇచ్చి పంపేవారు. దారి ఖర్చుకు అప్పు చేసినవానికి సామాను ఏమి అక్కరకు వచ్చును? 2002 నుండి రెండవవారికి 2,000, మూడవవారికి 1,000 డాలర్ల రొక్కం ఇచ్చారు. 2023లో ఒక్కొక్కరికి మరి వెయ్యి పెంచారు. 

న్యాయం చూచేవారు కూడా ఆ ఆటకు ఉన్నారు. నిర్వాహకుడు ఒప్పన్నది తప్పని, తప్పన్నది ఒప్పని తేలితే, మధ్యలో ఆట ఆపి లెక్క సరిచేస్తారు. అన్యాయంగా ఓడినవారిని మళ్లీ పిలిచిన సందర్భాలు కూడా ఉన్నవి. అయినను 2022 నవంబరులో విజేతల పోటీ జరుగుచుండగా ఒక తగవు వచ్చింది. క్రొత్త నిబంధనలో పాత నిబంధన మాటలను అన్నిటికంటె ఎక్కువగా ఎత్తి వ్రాసిన పౌలు పత్రిక ఎవరికి వ్రాసినది? ఇదీ ఆఖరు ప్రశ్న. ఒకరు రోమీయులు అన్నారు, ఒకరు హెబ్రీయులు అన్నారు. హెబ్రీయులే ఒప్పని తీర్పు చెప్పారు. కింగ్ జేమ్స్ ప్రతి శీర్షికలో ఆ పత్రిక పౌలుదనే ఉన్నది. పత్రిక లోపల మాత్రం వ్రాసినవాని పేరు ఎక్కడా లేదు. పౌలు వ్రాసినదని సందేహం లేనిది రోమా పత్రిక. మన సంఘాలలోని బైబిలు తరగతులు రెండు పక్షాలుగా చీలగల ప్రశ్న అది! చూచినవారిలో అనేకులు అభ్యంతరం చెప్పారు. తీర్పు మాత్రం మారలేదు.