ఋణఘాతాంకమును గూర్చి తలిదండ్రులకు

బీజగణితమున మా విద్యార్థులు తరచుగా తడబడు తావొకటి కలదు. ఘాతాంకము ఋణమైనచో విలువయు ఋణమే యని వారు భ్రమింతురు. 2³ మొదలు ఘాతాంక మొక్కొక్కటి తగ్గినకొలది విలువ సగమగును: 8, 4, 2, 1, 1/2, 1/4, 1/8. కావున 2⁻³ అనగా −8 కాదు. 8కి వ్యుత్క్రమమగు 1/8.

భిన్నముచే భాగించునపుడు భాజకమును తలక్రిందు చేసి గుణింపవలెనని 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున తెలిపెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనిగించెను. అక్షరరాశులకును ఇదియే మార్గము. 12క²ను 3క⁵చే భాగింపవలెనన్న, 12క²ను భాజకముయొక్క వ్యుత్క్రమమగు (1/3)క⁻⁵చే గుణింపవలెను. ఘాతాంకములను కూడగా 4క⁻³, అనగా 4/క³ వచ్చును. క సున్న కారాదు.

తలిదండ్రులారా! పిల్లలు తప్పినపుడు గద్దింపక, ఈ సగముల వరుసను వారిచేతనే వ్రాయింపుడని మా మనవి.