పాత రైడుకు కొత్త వేషం ఎందుకు? (పెద్ద పిల్లల చర్చాపాఠానికి టీచర్ నోట్)

ఈ పాఠం పదకొండేళ్లు దాటిన పిల్లలకు. సెలవుల్లో ఏం చేశారని అడిగితే గోల్డ్ కోస్ట్ కబుర్లు చెప్పే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అభిప్రాయం ఉన్న విషయమైతే తెలుగులో మాట్లాడమని బతిమాలక్కర్లేదు, మాటలు వెతుక్కుని మరీ మాట్లాడతారు. చర్చ మొదలుపెట్టే ముందు టీచర్లకు ఈ నేపథ్యం తెలిసి ఉంటే మంచిది.

డబ్బు లెక్క

రైడులో ఖరీదైనవి పట్టాలు, మోటార్లు, కట్టడం. దాని పేరు, బొమ్మలు, పాటలు, రంగులు వాటితో పోలిస్తే చవక. అందుకే జనం పలచబడినప్పుడు ఒళ్లు అలాగే ఉంచి వేషం మారుస్తారు. గోల్డ్ కోస్ట్‌లోని మూవీ వరల్డ్‌లో 1995లో 'లెథల్ వెపన్' సినిమా పేరుతో ఒక రోలర్ కోస్టర్ పెట్టారు. ఆ సినిమా వచ్చింది 1987లో. తర్వాతి తరం పిల్లలకు అదేమిటో తెలియదు, బాట్‌మన్ మాత్రం తెలుసు. 2012లో అదే పట్టా మీద అదే రైడు 'ఆర్కమ్ అసైలమ్' అయింది.

ఇంకో సంగతి, ఈ పాత్రలు చాలావరకు అద్దెకు తెచ్చుకున్నవే. ఒప్పందం అయిపోతే బొమ్మలు దించేయాల్సిందే. డ్రీమ్‌వరల్డ్‌లో చిన్నపిల్లల విభాగం ఒకప్పుడు నికెలోడియన్ పేరుతో, తర్వాత డ్రీమ్‌వర్క్స్ పేరుతో నడవడం ఇలాంటిదే.

సమాజం అడిగే ప్రశ్న

అమెరికా డిస్నీ పార్కుల్లోని 'స్ప్లాష్ మౌంటెన్' రైడు (1989) 'సాంగ్ ఆఫ్ ది సౌత్' అనే 1946 నాటి సినిమాలోని పాత్రలతో చేసినది. నల్లజాతివారి కష్టాలను కప్పిపుచ్చి, తోటల యజమానుల కాలాన్ని అందంగా చూపించిందని ఆ సినిమా మీద మొదటినుంచీ విమర్శ ఉంది. 2020 మే నెలలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత రైడును మార్చమన్న డిమాండ్ పెరిగింది. జూన్‌లో డిస్నీ మార్పు ప్రకటించింది. 2024లో అది 'టియానాస్ బాయూ అడ్వెంచర్'గా తెరుచుకుంది. నీళ్లలోకి జారే ఆ పెద్ద దూకుడు మాత్రం అలాగే ఉంది.

ఇది పూర్తిగా మనస్సాక్షి వల్ల జరిగిందా, పూర్తిగా వ్యాపారమా? పిల్లలు ఏదో ఒకటే చెప్పాలని చూస్తారు. రెండూ ఉన్నాయన్నది గుర్తుచేయండి. టియానా డిస్నీ సొంత పాత్ర, వాళ్ల మొదటి నల్లజాతి రాకుమారి. మార్పుతో విమర్శా తగ్గుతుంది, బొమ్మలూ అమ్ముడవుతాయి. వేరే కంపెనీ చేతిలో ఉన్న టోక్యో పార్కులో మాత్రం పాత రైడే కొనసాగింది. చిన్నప్పటి జ్ఞాపకం పోయిందని బాధపడేవాళ్లూ ఉన్నారు. ఆ బాధ అబద్ధం కాదు, దాన్ని ఎగతాళి చేయనివ్వకండి.

వేషం చాలని చోట, వేషం అక్కర్లేని చోట

2016 అక్టోబర్‌లో డ్రీమ్‌వరల్డ్‌లోని 'థండర్ రివర్ ర్యాపిడ్స్' మీద నలుగురు చనిపోయారు. దానికి రంగు మార్చి మళ్లీ నడపలేదు, కూల్చేశారు. 2020లో కోర్టు కంపెనీకి 36 లక్షల డాలర్ల జరిమానా వేసింది. తప్పు యంత్రంలోనూ నిర్వహణలోనూ ఉన్నప్పుడు కథ మారిస్తే సరిపోదన్నమాట. ఈ భాగం క్లుప్తంగా, మర్యాదగా చెప్పండి. వివరాల్లోకి వెళ్లొద్దు.

మెల్‌బోర్న్ లూనా పార్కులో 1912 నాటి 'సీనిక్ రైల్వే' ఇంకా ఉంది. బ్రేకులు వేసే మనిషి ఇప్పటికీ బండి మీదే నిలబడతాడు. అక్కడ పాతదనమే ఆకర్షణ, దానికి వారసత్వ రక్షణ కూడా ఉంది.

మన తరగతికి దీనితో పనేమిటి?

మనమూ ఇలాంటి నిర్ణయాలే తీసుకుంటున్నాం. "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే కానీ ఈడ పిల్ల కాదు" అన్న మాట సామెతల పాఠంలో వచ్చిందనుకోండి. 'ఆడ' అంటే అక్కడ, 'ఈడ' అంటే ఇక్కడ. మాటల ఆట ఎంత బాగుందో! కానీ ఎదురుగా కూర్చున్న పాప "అయితే నేను మా ఇంటి పిల్లను కానా?" అని అడిగితే ఏం చెబుతాం? రంగు మీద, కులం మీద ఉన్న మాటల సంగతీ అంతే. ఉంచి ఏ కాలపు మాటో వివరించవచ్చు, మార్చి చెప్పవచ్చు, వదిలేయవచ్చు. చూడనట్టు చదివించుకుంటూ పోవడం మాత్రం కుదరదు. పిల్లలు గమనిస్తారు. ఇంట్లో వాళ్లు మాట్లాడే భాషే తమను చిన్నచూపు చూస్తోందనిపిస్తే, ఆదివారం పూట ఇక్కడికి ఎందుకు రావాలి?

తరగతిలో ఇలా చేయండి

• బోర్డు మీద మూడు మాటలు రాయండి: ఉంచాలి, మార్చాలి, తీసేయాలి. ఒక్కో రైడు గురించి చెప్పి పిల్లల్ని మూడు గుంపులుగా నిలబడమనండి.

• ప్రతి ఒక్కరూ "ఎందుకంటే..." అంటూ ఒక పూర్తి వాక్యం చెప్పాలి. ఇంగ్లిష్ మాట దొర్లితే ఆపకండి, తర్వాత తెలుగు మాట అందించండి.

• కొత్త పదాలు: వేషం, ఒప్పందం, ఒత్తిడి, విమర్శ, జ్ఞాపకం, చిన్నచూపు.

• చివర్లో మీ తీర్పు చెప్పకండి. ఒకరు గుంపు మారితే, ఏ మాట విని మారారో అడగండి.

• ఇంటిపని: అమ్మమ్మనో తాతయ్యనో ఫోన్‌లో అడగాలి, "ఒకప్పుడు అనేవాళ్లు, ఇప్పుడు అనడం మానేసిన మాట ఏదైనా ఉందా? ఎందుకు మానేశారు?" జవాబు తెలుగులో మూడు వాక్యాలు రాసుకుని రావాలి.