మోటారు దిక్కు మార్చే స్విచ్చి కాలిపోతే

మన ఇంట్లో సీలింగ్ ఫ్యాను ఎప్పుడూ ఒకే దిక్కున తిరుగుతుంది. మిక్సీ కూడా అంతే. బట్టలుతికే మిషను మాత్రం కాసేపు కుడికి, కాసేపు ఎడమకు తిరుగుతుంది. దాని లోపల మోటారు దిక్కు మార్చే ఏర్పాటు ఉంటుంది. పని మిషన్లలో ఈ దిక్కు మార్చే పనిని చేసేదే రివర్స్ ఫార్వర్డ్ స్విచ్చి.

మా జంషెడ్‌పూర్‌లో ఒక వడ్రంగి షెడ్డులో ఉన్న పాత చెక్క లేతు మిషనుకు ఈ స్విచ్చి కాలిపోయింది. "పాతదైపోయింది, తుక్కుకు వేసేద్దాం" అన్న మాట కూడా వచ్చింది. మిస్త్రీ గారు పరీక్షించి చూస్తే మోటారు శుభ్రంగా ఉంది, ఇరుసు బాగుంది. పోయింది ఆ చిన్న స్విచ్చి ఒక్కటే. దాన్ని మార్చడం మేము దగ్గరుండి చూశాం. అప్పుడు తెలుసుకున్నవి మీకూ చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం. ఇది పెద్దలు, అందులోనూ కరెంటు పని తెలిసినవారు చేయవలసిన పని. మనం చూసి నేర్చుకోవాలి, చేయి పెట్టకూడదు.

ఉక్కు నగరంలో చెక్క పని

జంషెడ్‌పూర్ అనగానే అందరికీ ఉక్కే గుర్తుకొస్తుంది. ఇక్కడి కర్మాగారంలో మొదటి ఉక్కు దిమ్మ 1912లో తయారైంది. 1919లో జంషెడ్‌జీ టాటా పేరు మీద ఊరికి ఈ పేరు పెట్టారు. అలాంటి ఊళ్లో చెక్క లేతుతో పనేమిటి? లోహాన్ని కరిగించి అచ్చులో పోయాలంటే ముందు ఆ వస్తువు నమూనా కావాలి. ఆ నమూనాను చాలాకాలంగా చెక్కతోనే చేస్తున్నారు. నమూనాను ఇసుకలో అదిమి తీస్తే ఏర్పడే ఖాళీలో లోహాన్ని పోస్తారు. గుండ్రటి నమూనాలు తయారయ్యేది లేతు మీదే. మంచం కోళ్లు, మెట్ల కటకటాలు, బొమ్మలు కూడా దాని మీదే చేస్తారు.

మన తెలుగు నేలకు కూడా ఈ పని కొత్త కాదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి లక్క బొమ్మలు చేస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాడు చుట్టి చేత్తో లాగే పాతకాలపు తరిమెనలో కర్ర ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తిరుగుతుంది. ముందుకు తిరిగేటప్పుడు మాత్రమే ఉలి కోస్తుంది. కరెంటు మోటారు వచ్చాక కర్ర ఆగకుండా ఒకే దిక్కున తిరగసాగింది.

అలాంటప్పుడు వెనక్కు తిప్పడం ఎందుకు? నునుపు కోసం. తిరిగే చెక్కకు సాండ్‌పేపర్ పట్టినప్పుడు సన్నని పీచు తెగకుండా ఒక పక్కకు పడుకుంటుంది. దిక్కు మార్చి మళ్లీ పట్టితే ఆ పీచు లేచి తెగిపోతుంది.

దిక్కు ఎలా మారుతుంది?

ఈ మిషనుకు ఉన్నది ఇంటి కరెంటుతో, అంటే 230 వోల్టుల సింగిల్ ఫేజ్‌తో నడిచే మోటారు. దాని లోపల రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒకటి రన్నింగ్ వైండింగ్, రెండోది స్టార్టింగ్ వైండింగ్. రెండోదానికి వరుసలో ఒక కెపాసిటర్ ఉంటుంది. మోటారు ఏ దిక్కున మొదలవ్వాలో తేల్చేది ఈ రెండో చుట్టే. దాని రెండు కొసలను అటుదిటు మార్చి కలిపితే మోటారు ఎదురు దిక్కున మొదలవుతుంది. స్విచ్చి చేసే పని అదే.

ఇక్కడ మాకొక సందేహం వచ్చింది. ప్లగ్గును తిప్పి పెడితే సరిపోదా? సరిపోదు. అలా చేస్తే రెండు చుట్టలూ కలిసి తారుమారవుతాయి. ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే ఏమీ మారనట్టే. రెండింటిలో ఒక్కటే మారాలి. పెద్ద కార్ఖానాల్లోని త్రీ ఫేజ్ మోటార్లకైతే మూడు తీగల్లో ఏ రెండింటిని మార్చినా దిక్కు మారుతుంది.

మోటారు దాదాపు ముప్పాతిక వేగం అందుకోగానే లోపలి మరో చిన్న స్విచ్చి స్టార్టింగ్ వైండింగ్‌ను తప్పిస్తుంది. అందువల్ల మోటారు తిరుగుతుండగా లివరును వెనక్కు తిప్పినా అది పాత దిక్కునే పోతుంది. వేగం బాగా తగ్గాక తిప్పితే మాత్రం ఆ చుట్టలోకి మళ్లీ కరెంటు వచ్చి మోటారు ఎదురు తిరగడానికి పెనుగులాడుతుంది. అప్పుడు స్విచ్చి మీద మోయలేని భారం పడుతుంది.

స్విచ్చి ఎందుకు కాలింది?

1 హార్స్ పవర్ సింగిల్ ఫేజ్ మోటారు మామూలుగా నడిచేటప్పుడు సుమారు 6 నుంచి 7 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. స్విచ్చి లోపలి రాగి పలకలు విడిపోయే ప్రతిసారీ నిప్పురవ్వ పుడుతుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే పలకలు గుంటలు పడి, వాటిని అదిమి పట్టే స్ప్రింగు సడలుతుంది.

మన భౌతికశాస్త్రం లెక్క ఒకటి వేసి చూద్దాం. సడలిన ఒక స్క్రూ దగ్గర 0.5 ఓముల నిరోధం ఉందనుకోండి. 6 ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి 6 × 6 × 0.5 = 18 వాట్లు. మనం ప్రయోగాలకు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంటే స్విచ్చి లోపల దాదాపు ఒక సోల్డరింగ్ ఐరన్‌ను దాచిపెట్టినట్టే! మిస్త్రీ గారు డబ్బా విప్పినప్పుడు ఒక స్క్రూ చేత్తోనే కదిలింది. దాని చుట్టూ ప్లాస్టిక్ నల్లబడింది. డబ్బా నిండా రంపపు పొట్టు ఉంది. వేడీ, పొట్టూ ఒకచోట చేరితే నిప్పు అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

మార్చిన విధానం

1. ముందు ప్లగ్గు పీకి పక్కన పెట్టారు. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో ఛార్జి మిగిలి ఉండవచ్చు. అందుకే దాన్ని ఒక రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటరుతో చూశాకే తీగలను తాకారు.

2. ఒక్క తీగ కూడా విప్పకముందే ఫోటో తీసి, ప్రతి తీగకూ కాగితపు చీటీ కట్టి నంబరు వేశారు. నాన్నగారికి బదిలీ అయినప్పుడు పెట్టెల మీద "వంటగది", "పుస్తకాలు" అని మనం రాసుకోమూ? ఇదీ అంతే. రాయకుండా విప్పితే తర్వాత ఏది ఎక్కడిదో తెలియదు.

3. మెగ్గర్‌తో తీగచుట్టలకూ మోటారు బాడీకీ మధ్య ఇన్సులేషన్ పరీక్షించారు. అది కనీసం 1 మెగా ఓమ్ ఉండాలి. ఇరుసును చేత్తో తిప్పి ఎక్కడా పట్టేయడం లేదని చూసుకున్నారు. మోటారే బిగుసుకుపోయి ఉంటే కొత్త స్విచ్చి కూడా కాలిపోతుంది.

4. కొత్త స్విచ్చి మోటార్లకు తగినది, మధ్యలో "ఆఫ్" స్థానం ఉన్నది తెచ్చారు. బల్బులకు వాడే స్విచ్చి మీద అదే ఆంపియర్ల అంకె ఉన్నా మోటారు మొదలయ్యేటప్పటి పోటుకు అది తట్టుకోలేదు.

5. పైకి ఒకేలా కనిపించే రెండు స్విచ్చిల్లో లోపలి కలయికలు వేరుగా ఉండవచ్చు. అందుకే లివరు ప్రతి స్థానంలో ఏది దేనితో కలుస్తోందో మీటరుతో చూసి బొమ్మ గీసుకున్నారు. ఆ తర్వాతే తీగలు కలిపారు. ఎర్త్ తీగను గట్టిగా బిగించారు.

6. బెల్టు తీసేసి మోటారును ఒంటరిగా రెండు దిక్కులా తిప్పి చూశారు. అన్నీ సరిగా ఉన్నాకే బెల్టు ఎక్కించారు.

మరచిపోకూడని రెండు ప్రమాదాలు

మొదటిది: లేతు మీద చెక్కను పట్టుకునే పళ్లెం మరలాగా ఇరుసుకు బిగుస్తుంది. వెనక్కు తిప్పితే అది ఊడి చెక్కతో సహా ఎగిరి పడవచ్చు. పళ్లేనికి లాకింగ్ స్క్రూ లేకపోతే రివర్స్ వాడనే కూడదు.

రెండోది: కరెంటు పోయినప్పుడు లివరు "ఆన్"లోనే ఉంటే, కరెంటు రాగానే మిషను దానంతట అదే తిరుగుతుంది. అప్పుడు ఎవరి చేయి అక్కడ ఉంటుందో చెప్పలేం. నో వోల్ట్ స్టార్టర్ ఉంటే ఈ భయం లేదు. ఎవరో ఒకరు మళ్లీ బటన్ నొక్కితేనే మోటారు కదులుతుంది. ఈ షెడ్డులో అదీ పెట్టించారు.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ నాడు జంషెడ్‌పూర్‌లో మిషన్లను తుడిచి, కడిగి, పూలు పెడతారు. మన వైపు దసరాకు ఆయుధ పూజ చేసినట్టే. ఏడాదికి ఆ ఒక్కరోజైనా స్విచ్చి డబ్బా మూత తీసి పొట్టు ఊది, స్క్రూలు బిగిస్తే ఎన్నో మిషన్లు తుక్కులోకి పోకుండా మిగులుతాయి. మీ ఇంట్లో ఏదైనా వస్తువు ఆగిపోతే "పాతదైపోయింది" అనే ముందు దానిలో పోయిన భాగం ఏది, ఎందుకు పోయింది అని పెద్దలను అడగండి.