చూడ్డానికి ఒకేలా ఉన్నా చుట్టాలు కావు.. 'సిరా పుట్టగొడుగుల' గుట్టు విప్పిన డీఎన్‌ఏ

వానలు పడితే చాలు.. గడ్డివాముల పక్కన, పెంటకుప్పల మీద సన్నటి పుట్టగొడుగులు మొలుస్తాయి. పొద్దున తెల్లగా నిలబడినవి ఒకట్రెండు రోజులు తిరక్కుండానే నల్లటి సిరాలా కారిపోతాయి. వీటిని ఇంగ్లిష్‌లో ఇంక్ క్యాప్స్ అంటారు. రెండు వందల ఏళ్ల పాటు శాస్త్రవేత్తలు ఇలాంటివాటన్నిటినీ 'కోప్రినస్' అనే ఒకే ప్రజాతిలో పెట్టారు. ప్రజాతి అంటే దగ్గరి చుట్టరికం ఉన్న జాతుల గుంపు, మన ఇంటిపేరు లాంటిది. తీరా డీఎన్‌ఏ పరీక్షిస్తే.. ఒకే ఇంటిపేరుతో తిరుగుతున్నవన్నీ ఒక ఇంటివి కావని తేలింది.

1797లో పెర్సూన్ అనే శాస్త్రవేత్త ఈ ప్రజాతికి పేరు పెట్టారు. అప్పటి ఆధారం కంటికి కనిపించేదే. నల్లటి సిద్ధబీజాలు, గొడుగు కింద కరిగిపోయే రేకులు. తర్వాత మైక్రోస్కోప్‌తో బీజాల సైజు, టోపీ మీది కణాల ఆకారం కూడా చూశారు. అయినా 'సిరాలా కరిగితే కోప్రినసే' అన్న లెక్క మాత్రం మారలేదు.

ఇంతకీ ఎందుకు కరుగుతాయి? వీటి రేకులు చాలా పల్చగా, ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉంటాయి. బీజాలు కింది అంచు నుంచి పైకి పండుతూ వస్తాయి. పండిన భాగాన్ని పుట్టగొడుగు తానే జీర్ణం చేసుకుంటే పైనున్న బీజాలకు దారి దొరుకుతుంది. మంచి ఉపాయమే. చిక్కేంటంటే.. ఈ ఉపాయం వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టింది. గబ్బిలానికి, పిట్టకు రెక్కలున్నంత మాత్రాన రెండూ చుట్టాలైపోవు కదా!

1990ల్లో జన్యు పరీక్షలు ఈ విషయం బయటపెట్టాయి. 2001లో రెడ్‌హెడ్, విల్గాలిస్ బృందం పాత ప్రజాతిని నాలుగు ముక్కలు చేసింది. కోప్రినస్ పేరు 'కోమాటస్' అనే జాతికి, దాని దగ్గరివాళ్లు కొందరికి మిగిలింది. అసలు పేరు పెట్టడానికి ఆధారమైన జాతి అదే కాబట్టి నిబంధనల ప్రకారం పేరు దానికే దక్కింది. పొలుసుల టోపీ వల్ల దీన్ని 'లాయరు విగ్గు' అని కూడా పిలుస్తారు. విచిత్రం ఏంటంటే ఇది మార్కెట్లో దొరికే బటన్ మష్రూమ్ కుటుంబానికి చెందింది. మిగతావి కోప్రినెల్లస్, కోప్రినాప్సిస్, పారసోలా పేర్లతో వేరే కుటుంబంలోకి వెళ్లాయి. ఆ కుటుంబంలో అసలు కరగని పుట్టగొడుగులు కూడా బోలెడున్నాయి. పారసోల్ అంటే ఎండగొడుగు.. ఆ పోలిక మన తెలుగు పేరులో ఎప్పట్నుంచో ఉంది.

పేరులో ఏముందిలే అనుకోవడానికి లేదు. కోమాటస్ లేతగా ఉన్నప్పుడు చాలా దేశాల్లో వండుకుని తింటారు. ఒకప్పుడు దాని ఇంటిపేరే ఉన్న 'అట్రమెంటేరియా'లో కోప్రిన్ అనే పదార్థం ఉంటుంది. మద్యం ఒంట్లోకి వెళ్లాక ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. దాన్ని వదిలించే ఎంజైమ్‌ను కోప్రిన్ అడ్డుకుంటుంది. దాంతో మొహం ఎర్రబడి, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. మద్యం మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర పని చేసేదీ దాదాపు ఇలాగే. పుట్టగొడుగు తిన్న రెండు మూడు రోజుల తర్వాత మందు తాగినా ముప్పే. ఇప్పుడు అట్రమెంటేరియా ఇంటిపేరు కోప్రినాప్సిస్. ఫోన్లో ఫొటో చూసి ఇది తినొచ్చు, అది తినకూడదు అని తేల్చుకోవడం మాత్రం ఎప్పటికీ ప్రమాదమే.

మరి రూపానికి విలువ లేదా? ఉంది. డీఎన్‌ఏ దారి చూపాక పాత గుర్తులకే కొత్త అర్థం వచ్చింది. కోమాటస్ కాడ బోలుగా ఉండి లోపల దారం లాంటి పోగు వేలాడుతుంది, కాడకు ఉంగరం కూడా ఉంటుంది. మిగతావాటి నుంచి దాన్ని వేరు చేయడంలో ఇవి ఇప్పుడు ముఖ్యమైన గుర్తులు.

ఫంగస్‌ల గుర్తింపుకు ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాన్ని 2012లో ప్రామాణిక బార్‌కోడ్‌గా ప్రతిపాదించారు. చిన్న ముక్క నుంచి దాన్ని చదివి ఆన్‌లైన్ డేటాబేస్‌తో పోలుస్తారు. జాతి చెప్పడానికి అది చాలాసార్లు సరిపోతుంది. కొత్త ప్రజాతి ప్రకటించాలంటే మాత్రం మరికొన్ని జన్యువులు కూడా చూడాలి. పైగా డేటాబేస్‌లో తప్పు పేరుతో చేరిన నమూనాలూ ఉంటాయి. అందుకే సీక్వెన్స్‌తో పాటు ఎండబెట్టిన పుట్టగొడుగును కూడా హెర్బేరియంలో దాస్తారు. అనుమానం వచ్చినప్పుడు తీసి మళ్లీ మైక్రోస్కోప్ కింద పెట్టాల్సింది దాన్నే.