తోలుగుడ్డు ఎందుకు పెడుతుంది?

పిల్లలూ, మీ పెరటిలో కోళ్ళు వుంటే తోలుగుడ్డును ఎప్పుడో ఒకప్పుడు చూసే వుంటారు. దానికి గట్టి పెంకు వుండదు. పల్చని పొరలో సొన వూగులాడుతూ వుంటుంది. వేలితో తాకితే లొత్త పడుతుంది. "కోడికి దిష్టి తగిలింది," అంటారు కొందరు పెద్దలు. దిష్టి మాట అలా వుంచి, ఆ పెట్ట నిన్న సాయంత్రం ఏం తిన్నదో కనుక్కుందాం.

కోడి కడుపులో ఒక గుడ్డు తయారు కావటానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. ఇందులో పెంకు ఏర్పడటానికే సుమారు 20 గంటలు కావాలి. కోడి గంప కింద కునుకుతూ వుంటే, లోపల రాత్రంతా ఈ పని సాగుతూనే వుంటుంది. పెంకు అంటే దాదాపు అంతా సున్నపురాయిలో వుండే పదార్థమే. ఒక మోస్తరు పెద్ద గుడ్డు పెంకులో 2 గ్రాముల కాల్షియం వుంటుంది. పెట్ట ఎముకలన్నిటిలోనూ కలిపి వుండేది సుమారు 20 గ్రాములే! నాటుకోడి గుడ్డు చిన్నది కనుక దానికి కొంచెం తక్కువ చాలు.

రాత్రి మేత లేదు కదా, మరి అంత కాల్షియం ఎక్కడిది? కొంత సాయంత్రం తిన్న దానిలోనిది, తక్కినది ఎముకలలోనిది. గుడ్లు పెట్టే కాలంలో పెట్ట కాలి ఎముకల లోపల మరొక రకపు ఎముక పెరుగుతుంది. పుంజులకు ఇది వుండదు. ఇది పెట్ట గల్లాపెట్టె అనుకోండి: రాత్రి తీసి వాడుకుంటుంది, పగలు మళ్ళీ నింపుతుంది. నింపటానికి మేతలో కాల్షియం లేకపోతే అసలు ఎముకలే అరగటం మొదలవుతుంది. ముందు పెంకు పల్చబడుతుంది, తరవాత తోలుగుడ్డు వస్తుంది. ఇంకా అలాగే సాగితే పెట్ట కాళ్ళు చచ్చుపడి, కుంటుతుంది.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోని వూళ్ళే. 2016 లో జిల్లాలయినాయి. అక్కడి పల్లెల్లో కోళ్ళకు వేసేది చాలావరకు నూకలు, తవుడు, జొన్నలు, మక్కలు. ఇవి బలమిస్తాయి. కాని కోడి రోజంతా 100 గ్రాముల మక్కలు తిన్నా అందులో పదోవంతు గ్రాము కాల్షియం కూడా దొరకదు. తైదలు మేలు, 100 గ్రాములకు గ్రాములో మూడోవంతు వుంటుంది. అయినా గుడ్డుకు అదీ చాలదు.

మరి వెనకటి కోళ్ళు ఎలా బతికాయి? పెంటకుప్పలు గీరి పురుగులు తిన్నాయి, ఆకులు పొడిచాయి, చెరువు గట్ల మీద నత్తగుల్లల ముక్కలు ఏరుకున్నాయి. మహబూబాబాదు జిల్లాలో బయ్యారం చెరువూ, భూపాలపల్లి జిల్లాలో గణపసముద్రమూ కాకతీయుల నాటివి. అలాంటి చెరువుల పక్క తిరిగే కోడికి గుల్లలకు కొదవ లేదు. ఎండలో తిరగటం వల్ల దాని ఒంట్లో డి విటమిను తయారవుతుంది. అది లేనిదే తిన్న కాల్షియం ఒంటబట్టదు. గంప కిందనే వుండే కోడికి ఈ రెండూ లేవు.

ఇక మీరు చేయగల పని. ఇంట్లో వాడిన గుడ్ల పెంకులు కడిగి, పెనం మీద బాగా వేయించి, నలగ్గొట్టండి. పెంకు ఆకారం తెలియకూడదు సుమా, తెలిస్తే కోడి తన గుడ్లనే పొడుచుకు తినటం నేర్చుకుంటుంది! అలాగని మరీ మెత్తటి పొడి చేయకండి. బియ్యపుగింజంత ముక్కలయితే కందనకాయలో మెల్లగా కరుగుతూ రాత్రంతా అక్కరకు వస్తాయి. నత్తగుల్లలూ ఇలాగే పనికివస్తాయి. మేతలో కలపకుండా వేరే మూకుడులో, సాయంత్రంపూట పెట్టండి. గుడ్లు పెట్టే పెట్ట తనకు కావలసినంత తనే తింటుంది. కోడిపిల్లలకు మాత్రం అందనివ్వకండి, ఎక్కువయితే వాటి మూత్రపిండాలు చెడతాయి. తాంబూలంలో వేసుకునే సున్నం ఎవరికీ పెట్టవద్దు, నోరు కాలుతుంది.

పురుగుల మేతకు ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో, టోగో దేశాల రైతులు ఒక వుపాయం చేస్తారు. పాతకుండలో తడిపిన చెత్త, పేడ కూరి, చెదలున్న చోట బోర్లిస్తారు. మర్నాటికి కుండ నిండా చెదలు! పిల్లలకోళ్ళకు అది పండగే. మీరూ చేసి చూడవచ్చు, కాని ఇంటి గోడలకు దూరంగా.

మీ ఇంట్లో వున్నది గ్రామప్రియ కోడి అయితే మరీ జాగ్రత్త. హైదరాబాదు రాజేంద్రనగరంలోని కోళ్ళ పరిశోధనా సంస్థ తయారు చేసిన జాతి అది. పెరటిలో ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. నాటుకోడి పెట్టేది అందులో సగం కూడా వుండదు. గుడ్లు ఎన్నో, కాల్షియం ఖర్చు అంత.

ఎంత మంచి మేత పెట్టినా కొక్కెర తెగులు ఆగదు. దానికి టీకాయే శరణ్యం. పశువుల ఆసుపత్రిలో అడిగి వేయించమని నాన్నగారితో చెప్పండి.

ఎండాకాలంలో మాత్రం మూకుడు నిండా గుల్లలున్నా పెంకు పల్చబడవచ్చు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పినప్పుడు, పెంకుకు పనికిరావలసిన బొగ్గుపులుసు గాలి బయటికి పోతుంది. అందుచేత చైత్రం రాగానే చెట్టునీడన మట్టిమూకుడులో చల్లటి నీళ్ళు పెట్టి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి.